పస్తావ్ తీగరేవు

పస్తావ్ తీగరేవుకి పేరు మంచిది కాదు. బార్తంగ్ లోయలో ఏ ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు — పగలు నీ ఇష్టం, వందసార్లు దాటు... పొద్దు కొండల వెనక్కి పోయాక మాత్రం ఆ తాడు ముట్టుకోకు.

పస్తావ్ అంటే పధ్నాలుగు ఇళ్ళు. ఊరు ఏటికి ఇవతల, జీపులు తిరిగే బాట అవతల. మధ్యలో వంతెన లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి లావుపాటి ఉక్కుతీగ ఒకటి, దానికి కప్పీల మీద వేలాడే చెక్కపెట్టె ఒకటి. రెండు ఒడ్ల మీదా ఉన్న చక్రాల చుట్టూ తిరిగే తాడు ఆ పెట్టెకు కట్టి ఉంటుంది. పెట్టెలో కూర్చున్నవాళ్ళు తాడు లాక్కుంటూ పోవచ్చు, ఒడ్డున నిలబడ్డవాళ్ళయినా లాగి దాటించవచ్చు. ఒడ్డునున్నవాడు గనక తాడుని గుంజకు చుట్టేశాడా, పెట్టె ఏటి నడిమధ్యలో ఆగిపోతుంది. కింద ముప్పై అడుగుల లోతున నీళ్ళు రాళ్ళను దొర్లించుకుంటూ పోతుంటాయి.

జీపు డ్రైవర్లు చెప్పే కథ ఒకటుంది. పాత తీగ తెగిన ఏడు, చావుకి వెళ్ళి తిరిగొస్తున్న ముగ్గురు మనుషులు పెట్టెతో సహా నీళ్ళల్లో పడ్డారు. ఒక్కడూ దొరకలేదు. రాత్రిపూట ఎవరైనా పెట్టె ఎక్కితే వాళ్ళే తాడు పట్టుకుని ఆపుతారట. అందుకే అవతలి బాటన పోయేవాళ్ళు చీకటి పడితే గుప్పెడు పిండి ఏటికేసి విసిరి, "నీ వాటా నువ్వు తీసుకో, నా దారి నాకు విడువు" అని గబగబా నడుస్తారు.

పస్తావ్ వాళ్ళ భయం వేరు. వాళ్ళు తాడు పట్టుకునేవాళ్ళకి జడవరు. పెట్టెలో వచ్చేదానికి జడుస్తారు.

దాని పేరు పొద్దు పోయాక ఎవరూ పలకరు. పగలైతే అల్మాస్తి అంటారు. పసుప్పచ్చ జుట్టు విరబోసుకుని పురిటింటికి వస్తుంది. తెలిసిన ఆడమనిషి గొంతుతో పిలుస్తుంది. తలుపు తీశారా, తల్లి కార్జం తీసుకుని పోతుంది. దాన్ని పారే నీళ్ళలో ముంచిన మరుక్షణం ఇంట్లో తల్లికి ఊపిరి ఆగిపోతుంది. అందుకని ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు. ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా ఆ ఇంటి మగాడొకడు, అది ముట్టలేని ఇనుము చేతబట్టుకుని రేవులో కాపలా కూర్చోవాలి. బిడ్డ ఏడుపు వినపడేదాకా ఆడమనిషి అన్నది — తల్లైనా చెల్లెలైనా సరే — ఏరు దాటకూడదు.

దాన్ని కళ్ళారా చూసినవాడు ఊళ్ళో ఒక్కడే, నజర్షో. ఏడేళ్ళ కింద, కూతురు లాల్బేగిమ్ పుట్టింటికి పురిటికొస్తే, ఆయన తన వేటతుపాకీ పట్టుకుని రేవులో కూర్చున్నాడు. అర్ధరాత్రి పెట్టె కదిలింది. జుట్టు విరబోసుకుని, ఒళ్ళో తెల్లటి మూట పెట్టుకుని అది వస్తోంది. ఆయన తాడు గుంజకు చుట్టాడు. తుపాకీ పేల్చాడు. అది వెనక్కి పోయింది.

కూతురు మాత్రం దక్కలేదు. తెల్లారేసరికి పోయింది. బిడ్డ దక్కాడు. అది ముందే ఒకసారి వచ్చి తల్లిని తీసుకుపోయిందనీ, బిడ్డ కోసం రెండోసారి వస్తే నజర్షో కొట్టి తరిమాడనీ ఊరంతా అనుకుంది. ఆ మాట పట్టుకునే ముసలాయన ఇన్నాళ్ళూ బతికాడు.

ఆయన కొడుకు సబ్జలీ అప్పుడు మాస్కోలో సిమెంటు పని చేస్తున్నాడు. చెల్లెలు పోయిన కబురూ, తండ్రి తుపాకీ పేల్చిన కబురూ ఒకే ఫోన్లో విన్నాడు. మొదటిదానికి ఏడ్చాడు. రెండోది పక్క మంచం వాళ్ళకి చెప్తే వాళ్ళు నవ్వారు, వాళ్ళతోపాటు తనూ కాస్త నవ్వాడు. ఆ నవ్వినందుకే ఇప్పుడు అనుభవిస్తున్నానని ఈ రాత్రి అనుకున్నాడు.

ఎందుకంటే ఈ రాత్రి నొప్పులు పడుతున్నది అతని భార్య సవ్సన్.

ఇంకా ఇరవై రోజులు టైముందన్నారు. నెలాఖరుకి ఖోరోగ్ ఆసుపత్రికి తీసుకుపోదామని జీపు కూడా మాట్లాడుకున్నాడు. నొప్పులకి ఆ సంగతి తెలియదు కదా. సాయంత్రం పొలం నుంచి వచ్చేసరికి సవ్సన్ స్తంభాన్ని వాటేసుకుని నిలబడి ఉంది. మధ్యాహ్నమే కింద బురద విరుచుకుపడి జీపుబాట కొట్టుకుపోయిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు.

తండ్రి చెల్లెలు హవసమో అప్పటికే చేతులు పైకి మడిచి లోపల తిరుగుతోంది.

"నువ్విక్కడ గుమ్మం పట్టుకుని వేలాడకురా," అంది అత్త. "నీ మొహం చూస్తే బయటికి రావాల్సింది ఇంకా లోపలికి పోతుంది. పో, రేవులో కూర్చో."

"అత్తా, నర్సుకి కబురు పంపితే..."

"ఎవరితో పంపుతావు, గాలితోనా? బాట లేదని చెప్తుంటే వినవేం. ఈ చేతుల్తో పదకొండు పురుళ్ళు పోశాను. పో ఇక్కణ్ణించి."

ఆ పదకొండులో లాల్బేగిమ్ పురుడు కూడా ఉంది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

నజర్షోకి మోకాళ్ళు పట్టేసి మూడేళ్ళవుతోంది. పొయ్యి దగ్గర కూర్చున్నచోటి నుంచే గోడమీది తుపాకీ చూపించాడు. కొడుకు తీసి ఇస్తే తనే మందు కూరి, తిరిగి అతని చేతిలో పెట్టాడు.

"జవాబివ్వకు," అన్నాడు గొంతు తగ్గించి. "ఏమడిగినా సరే. దానికి నీ పేరు తెలుసు, మీ అమ్మ పేరు తెలుసు. నువ్వు ఏ మాట వినాలని కూర్చుంటావో అదే మాట చెప్తుంది."

"నేనేం వినాలని కూర్చుంటాను నాన్నా?"

"అది నాకేం తెలుసు. దానికి తెలుస్తుంది."

సబ్జలీ వెళ్ళాడు. లోపలినుంచి సవ్సన్ మూలుగు రేవు సగం దూరం దాకా వెంట వచ్చింది.

*

ఎండాకాలంలో ఏరు రాత్రిపూటే పొంగుతుంది. పగలంతా పైన కరిగిన మంచు చీకటి పడ్డాక కిందికి దిగుతుంది. నీళ్ళ అడుగున బండలు ఒకదానికొకటి తగిలి దబ్... దబ్... మని మోగుతుంటే కాళ్ళకింద నేల అదిరేది. మబ్బు పట్టి ఉంది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు.

గుంజ దగ్గర రాయి మీద కూర్చున్నాడు. తుపాకీ ఒళ్ళో, నడుముకి కొడవలి. భయం వేస్తోందని తనకి తనే ఒప్పుకున్నాడు. మాస్కోలో అయితే ఇరవయ్యో అంతస్తు మీద తాడు లేకుండా నడిచినవాడు. ఇక్కడ వెనక ఎండుటాకు కదిలితే మెడ తిప్పడానికి ధైర్యం చాలలేదు.

కాసేపటికి ఒక సంగతి గమనించాడు... పెట్టె లేదు.

రాత్రిపూట పెట్టె ఊరివైపే ఉండాలి. గుంజకి కట్టి పెట్టాలి. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. తడిమి చూశాడు — చెక్క తగల్లేదు. సాయంత్రం ఎవరో బాటవైపు దిగి, అక్కడే వదిలేసి పోయి ఉంటారు. అంటే దానికి తలుపు తెరిచిపెట్టినట్టే.

తుపాకీ పక్కన పెట్టి తాడు అందుకున్నాడు. ఖాళీ పెట్టెని ఇవతలికి లాగి కట్టేస్తే సరిపోతుంది. లాగాడు. రెండు బారలు... మూడు బారలు...

ఖాళీ పెట్టెకి కప్పీ సన్నగా కీచుమంటుంది. మనిషెక్కిన పెట్టెకి లావుగా మూలుగుతుంది. పస్తావ్‌లో పాలు తాగే పిల్లలకు కూడా ఆ తేడా తెలుసు.

కప్పీ మూలుగుతోంది.

సబ్జలీ చేతులు ఆగిపోయాయి. తాడు ఆగలేదు. అటునుంచి ఎవరో లాక్కుంటున్నట్టు అతని వేళ్ళ మధ్యనుంచి జారుతూ కదులుతోంది. తనెక్కడ ఆపాడో అక్కడినుంచి అది అందుకుంది. దాన్ని ఊళ్ళోకి లాక్కొస్తున్నది తనే అని అప్పుడు అర్థమైంది.

రెండు చేతులా తాడు పట్టుకుని గుంజకి చుట్టాడు. ఒక చుట్టు, రెండు, మూడు. తాడు బిగుసుకుని ఆగింది. కప్పీ నోరు మూసింది. ఇక ఏటి హోరు ఒక్కటే.

తుపాకీ కోసం చీకట్లో తడుముకుంటుంటే పైన మబ్బు కాస్త విడింది.

ఏటి నడిమధ్యలో పెట్టె ఊగుతోంది. అందులో ఆడమనిషి. జుట్టు విరబోసుకుని ఉంది... ఆ కాస్త వెన్నెల్లోనే పసుప్పచ్చగా కనపడుతోంది. ఒళ్ళో తెల్లటి మూట. రెండు చేతులా దాన్ని పొదివి పట్టుకుని కూర్చుంది.

తండ్రి చెప్పినదానికి ఒక్క వెంట్రుక తేడా లేదు.

"ఎవరు?" అంది అది.

సబ్జలీ పళ్ళు బిగించాడు.

"ఎవరు లాగారు ఇందాక? ఎందుకు ఆపారు?"

గొంతు సన్నగా ఉంది. ఎక్కడో విన్నట్టే ఉంది. తెలిసిన గొంతుతో పిలుస్తుందన్నారు కదా అనుకున్నాడు.

"నేను సవ్సన్ దగ్గరికి పోవాలి. సబ్జలీ భార్య సవ్సన్... మంచిదాన్నే నేను. నర్సుని. సవ్‌గార్ నర్సుని. వదులు."

నర్సు. ఈ రాత్రి అతను వినాలనుకున్న మాట లోకంలో ఏదైనా ఉందంటే అది అదొక్కటే. నువ్వు ఏ మాట వినాలని కూర్చుంటావో అదే మాట చెప్తుంది... సవ్‌గార్ ఇక్కడికి అయిదు గంటల నడక. బాట తెగిపోయింది. కబురు పంపినవాడు లేడు. ఏ నర్సు వస్తుంది? ఎలా వస్తుంది?

తుపాకీ చేతికి దొరికింది. దాని మీట వెనక్కి లాగాడు. ఆ చిన్న చప్పుడు అంత హోరులోనూ అటు వినపడినట్టుంది. పెట్టెలోది బిగుసుకుపోయింది.

ఊరివైపునుంచి సవ్సన్ కేక వినపడింది. మూలుగు కాదు, కేక. ఇది నర్సే అయితే నేనే సవ్సన్‌ని చంపుతున్నాను. ఇది అదే అయితే, వదిలినా నేనే చంపుతున్నాను. ఎటు చూసినా తనే. ఏడుపొచ్చింది. గురి కోసం మూసిన కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు అది ఒక పని చేసింది. పక్కనున్న సంచిలోంచి ఏదో తీసి గుప్పిట్లో పట్టుకుని, అతని వైపు విసిరింది. ఏటిగాలి దాన్ని ఎత్తుకొచ్చి మొహాన కొట్టింది. సబ్జలీ ఉలిక్కిపడి వెనక్కి తూలాడు. కళ్ళల్లో, మీసం మీద, పెదాల మీద ఏదో మెత్తగా పడింది. తెలియకుండానే నాలుక తగిలింది.

గోధుమపిండి.

"నీ వాటా నువ్వు తీసుకో," అంటోంది అది, గొంతు వణుకుతూ. "నా దారి నాకు విడువు. నీ వాటా నువ్వు తీసుకో..."

అతనికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అది బతికున్నవాళ్ళు దయ్యాలకి చెప్పే మాట. అది తనకెందుకు చెప్తోంది?

"నీకు దండం పెడతాను," అంది అది. ఇప్పుడు పైకే వెక్కుతోంది. "అప్పుడు కూడా నువ్వే ఆపావు నన్ను. ఇదే చోట. నిప్పు చూపించావు, కొండ విరిగినట్టు చప్పుడు చేశావు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా కాలేదు. భయపడి వెనక్కి పోయాను. పొద్దున్నే కబురొచ్చింది... నజర్షో గారి అమ్మాయి పోయిందని." మూటని ఇంకా దగ్గరికి హత్తుకుంది. "ఏడేళ్ళయింది. నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ మాత్రం వెనక్కి పోను. కావాలంటే పిండి అంతా ఇస్తాను. ముంచుతావా, ముంచు. వెనక్కి మాత్రం పోను."

సబ్జలీ తుపాకీ దించాడు.

ఏడేళ్ళ కింద. నిప్పు. చప్పుడు. ఒళ్ళో తెల్లటి మూట... నాన్న కాల్చింది... ఆ ఆలోచనని చివరిదాకా పోనివ్వడానికి అతనికి ధైర్యం లేకపోయింది.

కట్టుబాటు తప్పి నోరు విప్పాడు. తన గొంతు తనే గుర్తు పట్టలేనట్టు వచ్చింది.

"ఏ రోజు?"

పెట్టెలో మనిషి కెవ్వుమంది. దయ్యం మాట్లాడుతుందని ఆమె అనుకోలేదు మరి.

"ఏ రోజు వచ్చావు? ఏడేళ్ళ కింద."

"నౌ... నౌరోజ్ పండగ అయిన తొమ్మిదో రోజు. ఆప్రికాట్లు పూసి ఉన్నాయి."

లాల్బేగిమ్ పదో రోజు తెల్లవారుజామున పోయింది.

ఇంటివైపునుంచి వస్తున్న కేక మధ్యలో తెగిపోయింది. మళ్ళీ వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. ఆ నిశ్శబ్దం కేకకన్నా ఎక్కువ భయపెట్టింది. తుపాకీ రాళ్ళమీద పడేసి గుంజకి చుట్టిన తాడు విప్పాడు. తడిసి బిగుసుకున్న తాడు — మూడు చుట్లు విప్పడానికి ఒక యుగం పట్టింది.

నమ్మి లాగాడా అంటే, లేదు. లాగుతూ కూడా భయపడుతూనే ఉన్నాడు. ఆ తేదీ కూడా దానికి తెలిసే ఉంటుందేమో. నవ్వుకుంటూ వస్తోందేమో. పెట్టె దగ్గరైనకొద్దీ మొహం అటు తిప్పుకున్నాడు. చెక్క వచ్చి ఒడ్డుకి తగిలింది. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. మంచుగడ్డలా ఉంది, తడిగా ఉంది. సబ్జలీ కళ్ళు మూసుకుని ఆ చెయ్యి పట్టి పైకి లాగాడు. ఆమె కాలు జారి ముందుకు పడబోతూ రెండో చేత్తో అతని నడుముకున్న కొడవలిని పట్టుకుంది. ఇనుముని పట్టుకుంది... చేతికి ఏమీ కాలేదు.

అతనికి ఊపిరి ఆడింది.

"నువ్వు సబ్జలీవి కదూ," అంది ఆమె, అతని మొహం మీది పిండి చూస్తూ. "బతికే ఉన్నావా?"

"ఉన్నాను. నువ్వు నర్సు నిసోవేనా?"

"ఇంకెవర్ననుకున్నావు?"

అతను ఒళ్ళో మూటలా కనపడ్డ తెల్లటి రెక్సిన్ సంచి ఆమె చేతిలోంచి లాక్కుని ఇంటివైపు పరిగెత్తాడు. బురదలో జారి తలగుడ్డా టార్చీ పోగొట్టుకున్న నిసో, పుట్టుకతో వచ్చిన ఆ గోధుమరంగు జుట్టు అలాగే వదిలేసుకుని వెనకే పరిగెత్తింది.

*

గుమ్మంలో హవసమో పట్టకారు అడ్డం పెట్టింది.

"రానివ్వను," అంది. "ఒరే, నీకు మతి పోయిందా. దాని జుట్టు చూడు."

"నా జుట్టు తర్వాత దువ్వుదువుగాని," అంది నిసో, పట్టకారుని చేత్తో పక్కకి నెట్టేస్తూ. "వేణ్ణీళ్ళు పెట్టు. దీపం దగ్గరికి తీసుకురా. ఎంతసేపయింది అరవడం మానేసి?"

హవసమో పట్టకారు మూలన పడేసి, నీళ్ళు పెట్టడానికి వెళ్ళింది.

సబ్జలీ బయట గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. తూర్పు కొండ అంచు తెల్లబడుతుండగా లోపల్నుంచి చిన్న ఏడుపు వినపడింది. పిల్లి అరుపులా మొదలై, అంతలోనే కోపంగా పెద్దదైంది. ఆడపిల్ల. తర్వాత చాలాసేపు ఎవరూ పిలవలేదు. అదే అన్నిటికన్నా కష్టమైన సమయం. చివరికి అత్త వచ్చి, మొహం చూపించకుండా, "బతికింది, రా," అంది.

సవ్సన్ పిండిలా పాలిపోయి ఉంది. నెత్తురు చాలా పోయింది. ఇంకొక గంట ఆలస్యమైతే నేను కూడా ఏమీ చెయ్యలేకపోయేదాన్ని అని నిసో చెప్పింది.

"కబురు నేనే పంపాను," అంది సవ్సన్, అతను దగ్గర కూర్చుంటే. మాట పైకి రావడం లేదు. "పొద్దున్నుంచే నడుం నొప్పి. కిందికి పోతున్న జీపాయనతో చెప్పి పంపాను."

"నాకు చెప్పలేదేం?"

"నీకు చెప్తే మామయ్యకి చెప్తావు. మామయ్యకి తెలిస్తే ఊరుకుంటాడా." కళ్ళు మూసుకుంది. "ఆవిణ్ణి చక్కగా పిలుచుకొచ్చావా?"

"ఆ," అన్నాడు సబ్జలీ. సిగ్గుతో తల పైకెత్తలేకపోయాడు.

ఎండ ఇంట్లోకి వచ్చేవేళకి హవసమో అందరికీ ఉప్పు వేసిన పాలచాయ్ పోసి, అందులో వెన్న వేసి, రొట్టె తుంచి ఇచ్చింది. నిసో రెండు గిన్నెలు తాగింది. నజర్షో మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని, మాటిమాటికీ నర్సు వైపు చూస్తున్నాడు.

"అంత రాత్రివేళ వచ్చావు కదా," అన్నాడు. "రేవులో నీకేమీ కనపడలేదా తల్లీ?"

"మీ అబ్బాయి కనపడ్డాడు మామా. అది చాలదూ."

హవసమో నవ్వింది. ముసలాయన నవ్వలేదు. ఊళ్ళో వందసార్లు చెప్పిన కథే మళ్ళీ మొదలుపెట్టాడు. లాల్బేగిమ్ నొప్పులు, అర్ధరాత్రి, పెట్టె, పసుప్పచ్చ జుట్టు, తెల్లటి మూట. "గురిచూసి గుండెలమీదే కొట్టాను," అన్నాడు. "అక్కడికక్కడే వెనక్కి తిరిగింది."

సబ్జలీ గిన్నెలోకే చూస్తూ కూర్చున్నాడు. ఆపమని చెప్పాలని ఉంది. ఏమని ఆపుతాడు. నిసో చేతిలో రొట్టె ముక్క నోటిదాకా పోయి ఆగింది. ఆమె మొహంలో రంగు మారడం అతను చూశాడు. ఏడేళ్ళుగా తను భయపడింది ఎవరికో ఆమెకి అప్పుడే తెలిసింది. ముసలాయన్ని చూసింది, ఆయన ఒళ్ళో బిడ్డని చూసింది.

"ఆ ఏడు నువ్వు సవ్‌గార్‌లోనే ఉన్నావా?" అని అడిగాడు నజర్షో.

"లేదు మామా," అంది నిసో. "ఆ నెలంతా ఖోరోగ్‌లో ఉన్నాను. శిక్షణకి పంపారు."

ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. అబద్ధం ఇంత తేలిగ్గా చెప్పొచ్చని సబ్జలీకి తెలియదు. ఆమెకి దండం పెట్టాలనిపించింది.

మధ్యాహ్నం ఆమె బయల్దేరింది. రేవుదాకా సాగనంపడానికి సబ్జలీ సంచి పట్టుకుంటే, నజర్షో కూడా లేచాడు. మోకాళ్ళ మాట ఎవరెత్తినా వినలేదు. రెండు కర్రల మీద, పది అడుగులకోసారి ఆగుతూ వచ్చాడు. ఏడేళ్ళలో ఆయన రేవుకి రావడం అదే మొదలు.

నిసో పెట్టెలో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. సబ్జలీ తాడు అందుకోబోతే తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు. తనే పట్టుకున్నాడు. పట్టుకుని, లాగకుండా, అలాగే నిలబడ్డాడు.

"నేను గాల్లోకే కాల్చాను తల్లీ," అన్నాడు.

సబ్జలీ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గురిచూసి కొట్టానని అందరికీ చెప్తాను. కొట్టలేదు. గాల్లోకే కాల్చాను." ఏటివైపు చూస్తూ చెప్తున్నాడు. "చప్పుడు కాగానే అది ఏడ్చింది. అచ్చం ఆడపిల్ల ఏడ్చినట్టే... అమ్మా అని ఏడ్చింది. అంత దూరం నుంచీ వినపడింది నాకు. దానికి అమ్మ ఎక్కడినుంచి వస్తుంది అనుకున్నాను. అనుకుని కూడా తాడు విప్పలేదు."

నిసో పెట్టెలోంచి వంగి, తాడు మీదున్న ఆయన చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుంది. పెద్దవాళ్ళ దగ్గర సెలవు తీసుకునేటప్పుడు ఆ లోయలో అందరూ పెట్టుకున్నట్టే పెట్టుకుంది.

నజర్షో లాగడం మొదలుపెట్టాడు. చేతుల్లో బలం లేదు, పెట్టె మెల్లగా కదిలింది. సబ్జలీ సాయం పట్టబోతే వద్దన్నాడు. ఆమె కూడా తాడు ముట్టుకోలేదు. పెట్టె అవతలి ఒడ్డుకి తగిలిందాకా ముసలాయనే లాగాడు.